అమ్మ మోకాలి ఇంప్లాంట్ లేబుల్ తప్పని ఉత్తరం వచ్చింది, ఏం చెయ్యాలి?

వెన్నెల_చినుకు
అమ్మకి కుడి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయి ఎనిమిది నెలలు. నిన్న హాస్పిటల్ నుంచి ఉత్తరం వచ్చింది. ఒకటే పేజీ. అమ్మకి అమర్చిన ఇంప్లాంట్‌లో ఒక భాగానికి సంబంధించిన లాట్‌ని, అంటే ఒకే విడతలో తయారైన సరుకుని, తయారీదారు వెనక్కి పిలిపిస్తున్నారట. ప్యాకెట్ మీద వేసిన మందం ఒకటి, లోపలున్న వస్తువు మందం ఇంకొకటి అయ్యుండొచ్చట. ఆందోళన అక్కర్లేదు, వచ్చే చెకప్‌లో డాక్టరుతో మాట్లాడండి అని రాసి సంతకం పెట్టారు. ఏ భాగం, ఎంత తేడా, అసలు అమ్మకి పెట్టింది ఆ లాట్‌లోదేనా, ఒక్క ముక్క లేదు. ఫోన్ చేస్తే రిసెప్షన్ నుంచి రికార్డ్స్‌కి, రికార్డ్స్ నుంచి ఆర్థో ఓపీకి, అక్కడి నుంచి మళ్లీ రిసెప్షన్‌కి తిప్పారు.

నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం వేరే ఉంది. అమ్మ మోకాలు మొదటి నుంచీ బిగుతుగానే ఉంది. 95 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, ఆపైన వంగదు. మంచం మీద కాలు చాపి పడుకుంటే మోకాలి వెనక నా రెండు వేళ్లు దూరేంత సందు మిగిలిపోతుంది. రోజూ మడమ కింద టవల్ చుట్టి పెట్టుకుని, దుప్పటి అంచు గుప్పిట్లో పట్టుకుని, అంకెలు లెక్కపెట్టుకుంటూ నొక్కుతుంది. ఫిజియో అబ్బాయి మాత్రం వచ్చినప్పుడల్లా "అమ్మగారూ, మీరు ఇంట్లో సరిగ్గా చెయ్యట్లేదు" అంటాడు. నేనూ చాలాసార్లు కసిరాను. ఇప్పుడు ఈ ఉత్తరం చదివాక ఆవిడ మొహం చూడలేకపోతున్నాను. ఎవరికైనా ఇలా జరిగిందా?

నడక_మానను
నాకు రెండు మోకాళ్లూ మార్చారు. రీకాల్ అనగానే కాలు మళ్లీ కోసి బయటికి తీస్తారని కాదండీ. గోడౌన్లో, హాస్పిటల్ అల్మారాలో వాడకుండా మిగిలిన పెట్టెలు వెనక్కి పంపించడమే అందులో పెద్ద పని. ముందు టెన్షన్ తగ్గించుకోండి.

స్పానర్
కార్లకి రీకాల్ వస్తే బండి తీసుకెళ్తే చాలు, పార్ట్ ఫ్రీగా మార్చి ఇస్తారు. ఇక్కడా కంపెనీయే మార్చి ఇవ్వాలి కదా?

పల్లవి_కె
స్పానర్ అన్నా, బోడిగుండుకీ మోకాలికీ ముడి అంటే ఇదే! బండికి మత్తివ్వక్కర్లేదు, కుట్లు పడవు, ఇన్ఫెక్షన్ రాదు. మోకాలికి అన్నీ ఉన్నాయి.

స్పానర్
ఒప్పుకుంటున్నా. కానీ తప్పు చేసినవాళ్లే ఖర్చు పెట్టుకోవాలన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

ఓటీ_సిస్టర్
ఇరవై ఏళ్లకి పైగా ఆర్థో థియేటర్లో పని చేస్తున్నాను. లోపల ఏం జరుగుతుందో చెప్తాను, కొంత భయం తగ్గుతుంది.

మోకాలి ఇంప్లాంట్ అంటే ఒకే ముక్క కాదు. తొడ ఎముక చివరకి తొడిగే లోహపు టోపీ ఒకటి, కింద కాలి ఎముక మీద కూర్చోబెట్టే లోహపు ట్రే ఒకటి, ఆ రెంటి మధ్యలో బిగించే ప్లాస్టిక్ ఇన్‌సర్ట్ ఒకటి. కొందరికి చిప్ప వెనక కూడా చిన్న ప్లాస్టిక్ బిళ్ల వేస్తారు. ఉత్తరంలో "మందం" అన్నారంటే దాదాపుగా ఇన్‌సర్ట్ గురించే అయ్యుంటుంది. అది ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాతో రకరకాల మందాల్లో వస్తుంది.

అసలుది తెరిచే ముందు ట్రయల్ ముక్కలు పెట్టి చూస్తారు. డాక్టరు కాలు వంచి, చాపి, అటూ ఇటూ కదిపి, లిగమెంట్లు సరైన బిగువులో ఉన్నాయా లేదా చేత్తో చూసుకుంటారు. తర్వాత "పదకొండు ఇవ్వండి" అంటారు. బయటున్న నర్సు పెట్టె మీద సైజు, వైపు, గడువు తేదీ పైకి చదువుతుంది. డాక్టరు సరే అన్నాకే సీలు తెరుస్తారు. పెట్టాక మళ్లీ ఒకసారి వంచి చూస్తారు. అనుభవం ఉన్న చేతికి 2 మిల్లీమీటర్ల తేడా తెలియకుండా పోదు. కాబట్టి తప్పుడు ముక్క లోపలికి వెళ్లి ఉంటుందని నేను అనుకోను.

ఒక పని తప్పకుండా చెయ్యండి. ప్రతి పెట్టెలో ఊడదీసి అతికించే స్టిక్కర్లు కొన్ని వస్తాయి. వాటిలో ఒకటి ఆపరేషన్ నోట్స్ పక్కన అతికిస్తాం. ఆ పేజీ కాపీ అడగండి. "రికార్డులు కావాలి" అంటే డిశ్చార్జ్ సమ్మరీ చేతిలో పెట్టి పంపిస్తారు. "ఇంప్లాంట్ స్టిక్కర్ ఉన్న పేజీ" అని అడగాలి.

పాత_రాడ్డు
సిస్టర్ గారు చెప్పిన "చేతికి తెలుస్తుంది" నా విషయంలో నిజమైంది. నా తొడ ఎముకలో రాడ్డు వేసేటప్పుడు ఎడమ అని రాసున్న ప్యాకెట్లోంచి కుడిది వచ్చిందట. వంపు చూసి డాక్టరు పక్కన పెట్టేశారు. నడుముకి మత్తిచ్చారు కాబట్టి నేను మెలకువగానే ఉన్నాను. ఇంకో రాడ్డు తెప్పించేదాకా ఆ బల్ల మీద అలాగే పడుకున్నాను. తెర అవతల ఎవరూ మాట్లాడట్లేదు, గడియారం చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. ఆ తర్వాత ఎవ్వరూ నాతో ఆ మాట ఎత్తలేదు. నెల తర్వాత కట్టు మార్చడానికి వచ్చిన కుర్రాడు మాటల్లో చెప్తే తెలిసింది.

క్యూసీ_బెంచ్
వైద్య పరికరాల ప్యాకింగ్ నాణ్యత విభాగంలో ఉంటాను. ఈ రకం రీకాల్ ఎలా పుడుతుందో చెప్తాను, మీకు పనికొచ్చే విషయం ఒకటి అందులో ఉంది.

ఇన్‌సర్ట్ 11దీ 13దీ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది, విడిగా చేతికిస్తే కంటికి ఒకేలా ఉంటాయి. ఒకే బల్ల మీద ఒక లాట్ అయ్యాక ఇంకో లాట్ ప్యాక్ చేస్తారు. మధ్యలో లైన్ క్లియరెన్స్ చెయ్యాలి. అంటే పాత ముక్క, పాత లేబుల్, పాత కాగితం ఒక్కటి కూడా బల్ల మీద మిగలకూడదు. ప్రింట్ చేసిన లేబుళ్లు ఎన్ని, అతికించినవి ఎన్ని, చింపేసినవి ఎన్ని, లెక్క ఒకటికి ఒకటి సరిపోవాలి. ఇదంతా హడావిడిలో సంతకం మాత్రం పెట్టి వదిలేస్తే ఇటువైపు ముక్కలు అటు వెళ్తాయి.

ఇక ముఖ్యమైనది. ఇలాంటి పొరపాటు తరచూ జంటగా ఉంటుంది. 11 ప్యాకెట్లో 13 వెళ్లిందంటే ఎక్కడో 13 ప్యాకెట్లో 11 కూర్చుని ఉండొచ్చు. మందం ఎక్కువైనవాళ్లకి బిగుతు, తక్కువైనవాళ్లకి వదులు. కాబట్టి కంపెనీ నోటీసులో ఏ లాట్లు ఉన్నాయో, ఏది దేనితో కలిసిందో అడగండి. హాస్పిటల్‌కి ఆ నోటీసు పూర్తిగా వచ్చి ఉంటుంది. మీకు పంపినది దాని సారాంశం మాత్రమే.

సిస్టర్ గారూ, ఒక్క మాటలో మీతో విభేదిస్తున్నాను. పెట్టె మీదది అందరూ చదువుతారు. ఇన్‌సర్ట్ అంచు మీద చిన్న అక్షరాల్లో చెక్కిన సైజు, మందం కూడా ఉంటాయి. అవి చదివేది ఎవరు?

ఓటీ_సిస్టర్
పనిముట్ల బల్ల దగ్గర దాన్ని అందుకున్న నర్సు చూడాలి. చూస్తాం. అన్నిసార్లూ చూస్తామా అంటే, ఆలోచిస్తున్నాను.

కాగితం_కలం
వెన్నెల గారూ, ఫోన్లు మానెయ్యండి. రాతపూర్వకంగా అడగండి. లాట్ నంబరేమిటి, రీకాల్ నోటీసు తేదీ ఏమిటి, హాస్పిటల్‌కి అది ఎప్పుడు అందింది, మా అమ్మకి వాడింది అందులోదేనా. ఈ నాలుగే. అందినట్టు సంతకం తీసుకోండి. వచ్చిన ఉత్తరం కవరు కూడా పారెయ్యకండి, తేదీ ముద్ర దాని మీదే ఉంటుంది.

నిదానం
నాది వేరే అభిప్రాయం. నేను ఓపీలో పని చేస్తాను. ఇలాంటి ఉత్తరం వంద మందికి పంపితే తొంభై మంది ఏ తేడా లేకుండా హాయిగా నడుస్తున్నవాళ్లే ఉంటారు. ఉత్తరం చదివిన రోజు నుంచే వాళ్లకి నొప్పి మొదలవుతుంది, నేను కళ్లారా చూశాను. అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ నియంత్రించే ఎఫ్‌డీఏ రీకాల్స్‌ని మూడు తరగతులు చేస్తుంది. ప్రాణానికో, తీవ్రమైన హానికో దారి తీసే అవకాశం గట్టిగా ఉంటే ఒకటో తరగతి. తాత్కాలికమైన, సరిచేయదగిన హాని అయితే రెండు. హాని జరిగే అవకాశం దాదాపు లేకపోతే మూడు. లేబుల్ తప్పులన్నీ ఒకటో తరగతికి వెళ్లవు. బాగున్నవాళ్లని కదిలించడం ఎందుకు?

పల్లవి_కె
ఆ తరగతి మొత్తం లాట్‌కి కదండీ, వెన్నెల గారి అమ్మకి కాదు కదా. కాలు వంగట్లేదని ఆవిడ ఎనిమిది నెలలుగా చెప్తూనే ఉంది. ఉత్తరం రాకపోతే ఇంకో ఎనిమిది నెలలు తిట్లు తినేది.

పాత_రాడ్డు
నన్ను కదిలించకుండా ఉంచాలనే నెలపాటు చెప్పలేదు నిదానం గారూ. తెలిశాక నాకు కోపం వచ్చింది తప్పుడు ప్యాకెట్ మీద కాదు, ఆ మౌనం మీద.

నిదానం
మీ కోపం అర్థమైంది. దాచమని నా ఉద్దేశం కాదు. ఒక పేజీ కాగితం పోస్టులో పడేసి చేతులు దులుపుకోవడం కంటే పిలిచి కూర్చోబెట్టి చెప్పడం మేలు. ఆ మాట నేను ముందే చెప్పాల్సింది.

చదువరి_77
రీకాల్ అంటే తీసెయ్యడమే అనుకునేవాళ్ల కోసం రెండు పాత సంగతులు. 2010 ఆగస్టులో డిప్యూ కంపెనీ ఏఎస్ఆర్ అనే తుంటి ఇంప్లాంట్‌ని ప్రపంచమంతటా వెనక్కి పిలిచింది. దాదాపు 93,000 మందికి వేశారు. అది లేబుల్ తప్పు కాదు, డిజైన్‌లోనే సమస్య. లోహం లోహంతో రాసుకుని అరిగి చాలామందికి మళ్లీ ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చింది. దాని సంగతి ముందుగా పట్టుకున్నవాటిలో ఆస్ట్రేలియా రిజిస్ట్రీ ఒకటి. అక్కడ ఎవరికి ఏ ఇంప్లాంట్ వేశారో, ఎన్నాళ్లకి తీశారో దేశమంతటా లెక్క రాస్తారు. స్వీడన్‌లో మోకాళ్లకి ఆ లెక్క 1975 నుంచే ఉంది.

రెండోది ఎగ్జాక్‌టెక్ అనే కంపెనీది. 2021, 2022లో. ఇన్‌సర్ట్ మంచిదే, దాన్ని పెట్టిన సంచీలో ఆక్సిజన్‌ని అడ్డుకునే ఒక పొర లేదు. అల్మారాలో ఉన్నప్పుడే ప్లాస్టిక్ ఆక్సిజన్ తగిలి బలహీనపడే ప్రమాదం. అప్పుడు కూడా ఏ ఇబ్బందీ లేకుండా బాగా పనిచేస్తున్న కీళ్లని ముందుజాగ్రత్త పేరుతో తీయొద్దనే చెప్పారు. లక్షణాలున్నవాళ్లని మాత్రం జాగ్రత్తగా పరీక్షించమన్నారు. వెన్నెల గారి అమ్మకి లక్షణం ఉంది కాబట్టి ఆవిడ రెండో వరసలోకి వస్తారు.

స్పానర్
ఇంప్లాంట్ కార్డు అని ఒకటి ఇస్తారంటారు, అది లేదా మీ దగ్గర?

చదువరి_77
యూరప్‌లో 2021 మే 26 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం తయారీదారు కార్డు ఇచ్చి తీరాలి, హాస్పిటల్ దాన్ని రోగికి అందించాలి. మోకాలి కీలుకి వస్తుంది. స్క్రూలు, ప్లేట్లు, వైర్లకి మినహాయింపు.

వెన్నెల_చినుకు
మాకు కార్డు ఇవ్వలేదు. ఇవాళ స్వయంగా వెళ్లాను. సిస్టర్ గారు చెప్పిన మాటే అన్నాను, "ఇంప్లాంట్ స్టిక్కర్ ఉన్న పేజీ" అని. రికార్డ్స్‌లో ఉన్న పెద్దాయన వెంటనే తల ఊపి ఫైలు తీశారు. మూడు స్టిక్కర్లు వరసగా ఉన్నాయి, మూడోది కొంచెం వంకరగా అంటించారు. దాని మీద 11 అని ఉంది. బార్‌కోడ్ కింద అంకెలే అంకెలు, ఏది లాట్ నంబరో అర్థం కాలేదు.

ఇంటికొచ్చి పాత ఎక్స్‌రే ఫిల్ము కిటికీకి ఆనించి స్కేలుతో కొలిచాను. రెండు లోహాల మధ్య నల్లటి సందు సరిగ్గా 11 మిల్లీమీటర్లు వచ్చింది! అంటే లోపల ఉన్నది సరైనదే కదా? ఎంత ఊరటగా ఉందో చెప్పలేను.

ఎక్స్‌రే_గది
వెన్నెలమ్మా, ఆగు. నీ ఊరట చెడగొట్టడం నాకు ఇష్టం లేదు, కానీ ఆ కొలత నమ్మకు. నేను రేడియోగ్రాఫర్‌ని.

ప్లాస్టిక్ ఎక్స్‌రేలో కనపడదు, నువ్వు కొలిచిన ఖాళీయే ప్లాస్టిక్. అంతవరకు కరెక్టు. కానీ ఫిల్ము మీద ఎముక అసలు కంటే కాస్త పెద్దదిగా పడుతుంది. మోకాలికి సుమారు పదో వంతు పెరుగుతుంది అనుకో. ట్రే అసలు వెడల్పు కంపెనీ కేటలాగులో ఉంటుంది. ఫిల్ము మీద దాని వెడల్పు కొలిచి పోలిస్తే ఎంత పెరిగిందో తెలుస్తుంది.

రెండోది, కొన్ని కంపెనీల్లో 11 అంటే ప్లాస్టిక్ ఒక్కటే 11 కాదు. కింద ఉన్న లోహపు ట్రే పలక మందం కూడా కలిపి 11. అలాంటిదైతే నీకు ఖాళీ 11 కంటే బాగా తక్కువ రావాలి.

క్యూసీ_బెంచ్
బార్‌కోడ్ కింది అంకెలు చాలా కంపెనీలకి ఇలా ఉంటాయి: 01 తర్వాత వచ్చే 14 అంకెలు ఆ వస్తువు గుర్తింపు. 17 తర్వాత ఆరు అంకెలు గడువు తేదీ, ఏడాది, నెల, రోజు వరసలో. 10 తర్వాత ఉన్నది లాట్. 21 ఉంటే అది సీరియల్ నంబరు.

వెన్నెల_చినుకు
లాట్ దొరికింది. కంపెనీ కేటలాగు నెట్‌లో ఉంది, మందంలో ట్రే కలిపే చెప్తామని రాసుంది. పలక 3 మి.మీ. ట్రే వెడల్పు కేటలాగులో 70, నా ఫిల్ము మీద 77. అంటే పదో వంతు పెరిగింది. 11ని తగ్గిస్తే 10. దానికి 3 కలిపితే 13.

13.

పల్లవి_కె
వెన్నెలా…

ఎక్స్‌రే_గది
తొందరపడకు. కిరణం కాస్త వాలుగా పడినా ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అవుతుంది. కిటికీ దగ్గర స్కేలుతో తేల్చే లెక్క కాదిది. నిలువుగా, తిన్నగా, పక్కన కొలత తెలిసిన లోహపు గోళీ పెట్టి కొత్త ఎక్స్‌రే తీయమని అడుగు. ఈ లెక్క కాగితం మీద రాసి డాక్టరుకి చూపించు. మొహమాటపడకు, ఎవరూ నవ్వరు.

కాగితం_కలం
ఇప్పుడు నా నాలుగు ప్రశ్నలకి అయిదోది చేర్చండి: ఆ లాట్‌లో 11 ప్యాకెట్లలో ఏ మందం దొరికిందని కంపెనీ రాసింది?

నడక_మానను
మొదట్లో టెన్షన్ పడొద్దన్నది నేనే. మీ పోస్టు రెండుసార్లు చదివి నా ఫైలు తీసి కూర్చున్నాను.

వెన్నెల_చినుకు
పది రోజులు రాయలేకపోయాను. అందరూ అడుగుతున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్తాను.

గోళీ పెట్టి కొత్త ఎక్స్‌రే తీశారు. సర్జన్ గారు కంప్యూటర్ మీద మా ముందే కొలిచారు. 13కి దగ్గరగానే వచ్చింది. కంపెనీ నోటీసు కూడా చూపించారు. అమ్మది ఆ లాటే, 11 ప్యాకెట్లలో 13లు కలిశాయని అందులో స్పష్టంగా ఉంది. ఆయన దాచలేదు, ఆ గౌరవం ఆయనకి ఇవ్వాలి. "చివర్లో పెట్టాక కాస్త బిగువుగా అనిపించింది, కణజాలం వాపు వల్ల అనుకున్నాను, రోజులు గడిస్తే సర్దుకుంటుందనుకున్నాను" అన్నారు. మందం ఎక్కువైతే ఇటు వంగడమూ తగ్గుతుంది, అటు పూర్తిగా చాపడమూ కుదరదని అమ్మకి ప్లాస్టిక్ నమూనా మోకాలు చేతికిచ్చి చూపించారు.

దారులు రెండు. లోహాలు కదపకుండా ఇన్‌సర్ట్ ఒక్కటి మార్చడం, మొత్తం మార్చడం కంటే చిన్న ఆపరేషన్. అయినా కీలు తెరవాల్సిందే, ఇన్ఫెక్షన్ భయం ఉండనే ఉంది. లేదా నొప్పి పెద్దగా లేదు కాబట్టి ఉన్నదానితో నడుస్తూ గమనించుకోవడం. రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోమని ఆయనే చెప్పారు. తొందరేం లేదన్నారు.

అమ్మ అంతా విని ఆపరేషన్ గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. నా వైపు తిరిగి "చెప్పానా, నేను రోజూ చేశానని" అంది. నేను అక్కడే ఏడ్చేశాను. సాయంత్రం ఫిజియో అబ్బాయికి ఫోన్ చేసి చెప్తే, మర్నాడు పొద్దున్నే వచ్చి అమ్మ మంచం దగ్గర స్టూలు మీద కూర్చుని క్షమించమని అడిగాడు. "నీ తప్పేముంది నాయనా, డబ్బా మీద రాసిందే నువ్వూ నమ్మావు" అంది.

ఓటీ_సిస్టర్
నేను చెప్పింది తప్పైంది వెన్నెలా. చేతికి తెలియకుండా పోదన్నాను. ఆయన చేతికి తెలిసింది, కానీ పెట్టె మీద 11 అని ఉంది కాబట్టి చేతిని కాదని పెట్టెని నమ్మారు. ఆయన చోట నేనున్నా అంతే చేసేదాన్ని. బెంచ్ గారి ప్రశ్న పది రోజులుగా నన్ను వదల్లేదు. సోమవారం నుంచి మా థియేటర్లో లేబుల్ చదివినవాళ్లు ఒకరు, ముక్క మీద చెక్కింది చదివేవాళ్లు ఇంకొకరు. రెండూ పైకి వినపడాలి. డాక్టర్లు ఒప్పుకున్నారు.

క్యూసీ_బెంచ్
సిస్టర్ గారూ, ధన్యవాదాలు. వెన్నెల గారూ, హాస్పిటల్ కంపెనీకి రాస్తుంది, అది సరే. మీరూ విడిగా నియంత్రణ సంస్థకి రాయండి. అమెరికాలో మెడ్‌వాచ్, బ్రిటన్‌లో ఎల్లో కార్డ్, ఇండియాలో 2015లో మొదలైన మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం, అన్నిటికీ రోగి తరఫువాళ్లు కూడా రాయొచ్చు. లాట్ నంబరు, ఆపరేషన్ తేదీ, ఎన్ని డిగ్రీలు వంగుతోందో అంకెల్లో రాయండి. 13 ప్యాకెట్లో 11 వెళ్లి మోకాలు వదులైనవాళ్లు ఎక్కడో ఉండి ఉంటారు. వాళ్ల కాలు తూలుతుంటే వాళ్లనీ ఎవరో సరిగ్గా నడవట్లేదని అంటూ ఉండొచ్చు.

వెన్నెల_చినుకు
రాశాను. మొదటి వాక్యం అమ్మే చెప్పింది, నేను టైపు చేశాను.

కాగితం_కలం
నోటీసు హాస్పిటల్‌కి ఏ రోజు అందింది?

వెన్నెల_చినుకు
మాకు ఉత్తరం రావడానికి పదకొండు వారాల ముందు. ఎవరికి ఏ లాట్ వేశారో ఫైళ్లన్నీ చేత్తో తిరగేసి వెతకాల్సి వచ్చిందన్నారు.

ఎక్స్‌రే_గది
వెన్నెలమ్మా, ఆ స్టిక్కర్ పేజీ ఫోటో తీసి పెట్టుకున్నావా? కొన్ని లేబుళ్ల మీద అచ్చు వేడితో వేసింది. కొన్నేళ్లకి వెలిసిపోయి తెల్ల కాగితం మిగులుతుంది.

వెన్నెల_చినుకు
తీశాను. తమ్ముడికీ పంపాను.

నడక_మానను
నా ఫైలు మొత్తం చూశాను. ఎడమ మోకాలికి మూడు స్టిక్కర్లూ ఉన్నాయి. కుడి మోకాలి పేజీలో గళ్లు గీసి ఉన్నాయి, వాటిలో ఏమీ అంటించలేదు. రేపు పొద్దున్నే వెళ్తున్నాను.